నోలన్ 'పాప్రికా' నుంచి తీసుకున్నది చాల్లేదు

క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఇన్‌సెప్షన్' (2010) గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి ఎవరో ఒకరు ఆ ఫొటోలు తెచ్చి పెడతారు. ఎడమవైపు సతోషి కోన్ తీసిన జపాన్ యానిమేషన్ సినిమా 'పాప్రికా', కుడివైపు నోలన్ సినిమా. ఇటూ హోటల్ కారిడారే, అటూ హోటల్ కారిడారే. ఇటు ఒకమ్మాయి చెయ్యి తగలగానే ఎదురుగా ఉన్న దృశ్యం అద్దంలా పగిలిపోతుంది, అటూ అంతే. ఇటు ఒక్కో అంతస్తులో ఒక్కో కల ఉన్న లిఫ్ట్, అటు ఒక్కో అంతస్తులో ఒక్కో జ్ఞాపకం ఉన్న లిఫ్ట్. కింద తీర్పు కూడా రాసేసి ఉంటుంది: కాపీ. పరాయి సినిమాల నుంచి లేపేసిన సీన్లను పట్టుకోవడంలో మన తెలుగు ప్రేక్షకులు ఎప్పుడో ఆరితేరారు. ఫ్రీమేక్ (హక్కులు కొనకుండా చేసే రీమేక్) అన్న మాట మన నోట అలవోకగా వస్తుంది. అదే చూపుతో ఈ రెండు సినిమాలనూ చూసేసి ముందుకు వెళ్లిపోతున్నాం.

నా ఫిర్యాదు ఆ తీర్పుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. సతోషి కోన్ దగ్గర నోలన్ తీసుకున్నది ఏదైనా ఉంటే అది చాలా తక్కువ. ఇంకా తీసుకుని ఉంటే 'ఇన్‌సెప్షన్' మరింత గొప్ప సినిమా అయ్యేది.

ముందు కాపీ సంగతి తేల్చేద్దాం. నోలన్ 2001, 2002 ప్రాంతంలోనే, 'ఇన్‌సోమ్నియా' తీసే రోజుల్లో, 80 పేజీల కథ ఒకటి రాసి వార్నర్ బ్రదర్స్‌కు చూపించాడు. కలల్లోకి దూరి రహస్యాలు దొంగిలించేవాళ్ల కథ అది. అంత పెద్ద సినిమా తీయడానికి తనకింకా అనుభవం కావాలని పక్కన పెట్టి, 'బ్యాట్‌మన్ బిగిన్స్', 'ది డార్క్ నైట్' తీశాక మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. 'పాప్రికా' సినిమా వెనిస్ చిత్రోత్సవంలో తెర మీదికి వచ్చింది 2006లో. దానికి ఆధారమైన యసుతాకా త్సుత్సుయి నవల 1993 నాటిది. కాబట్టి మూల ఆలోచన కోన్ సినిమా చూసి పుట్టిందనడం కుదరదు. విడివిడి షాట్ల గురించి వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన నన్ను పెద్దగా ఊరించదు. నోలన్ తనకు స్ఫూర్తిగా చెప్పినవి 'డార్క్ సిటీ' (1998), 'ది మేట్రిక్స్' (1999) లాంటివి. మన చుట్టూ కనిపిస్తున్న లోకం నిజమేనా అని హాలీవుడ్ వరసబెట్టి అడిగిన కాలం అది.

ఒక సినిమా ప్రభావం ఎలా పాకుతుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ నోలన్ నోటి నుంచే వచ్చింది. ఆలెన్ రెనే తీసిన 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్' (1961)ను 'ఇన్‌సెప్షన్' తీసేదాకా తాను చూడలేదని, తర్వాత చూసి ఉలిక్కిపడ్డానని, దాన్నుంచి తీసుకున్న సినిమాల నుంచి తాను తీసుకున్నానన్నమాట అని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆ పొడవాటి హోటల్ వరండాలు, గడిచిందో గడవలేదో తెలియని ప్రేమ, ఒకే సంఘటనను పట్టుకుని వేలాడే జ్ఞాపకం, ఇవన్నీ యాభై ఏళ్లు చేతులు మారి నోలన్ దగ్గరికి వచ్చాయి. పక్కపక్కన పెట్టిన రెండు ఫొటోలు ఇంత ప్రయాణాన్ని చూపించలేవు.

ఇక నోలన్ అసలు పూర్వీకులు ఎవరు? నా దృష్టిలో ఆ జాబితా మొదలయ్యేది కలల సినిమాలతో కాదు, ఒక డాన్సుతో. స్టాన్లీ డోనెన్ దర్శకత్వం వహించిన 'రాయల్ వెడ్డింగ్' (1951)లో ఫ్రెడ్ అస్టేర్ గదిలో నాట్యం చేస్తూ గోడ ఎక్కుతాడు, గోడ మీది నుంచి కప్పు మీదికి వెళ్తాడు, తలకిందులుగా అడుగులేస్తాడు. గది మొత్తాన్ని పెద్ద పీపాలాంటి ఉక్కు చట్రంలో బిగించి తిప్పారు. కెమెరాను, దాని వెనకున్న మనిషిని కూడా గది నేలకే కట్టేశారు. గదితోపాటు కెమెరా తిరుగుతుంది కాబట్టి గది కదలనట్టే కనిపిస్తుంది. అస్టేర్ మాత్రం ఎప్పుడూ నిజమైన నేలవైపే నిలబడి ఉంటాడు. పదిహేడేళ్ల తర్వాత స్టాన్లీ కూబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం మనిషి లోపల పరుగెత్తగలిగేంత పెద్ద చక్రం కట్టించి తిప్పాడు. నోలన్ ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు ఎయిర్‌షిప్‌లు కట్టిన షెడ్డులో, సుమారు 100 అడుగుల పొడవున్న హోటల్ కారిడార్ కట్టించి, దాని చుట్టూ ఎనిమిది భారీ ఉక్కు వలయాలు బిగించి తిప్పించాడు. ఆర్థర్ పాత్ర వేసిన జోసెఫ్ గోర్డన్-లెవిట్ వారాల తరబడి సాధన చేసి ఆ కారిడార్‌లో జరిగే ఫైటు చాలావరకు తనే చేశాడు.

ఆ ఫైటు ఇప్పటికీ పాతబడలేదు. కాబ్ అనే దొంగ బృందం, ఫిషర్ అనే సంపన్న వారసుడి మనసులో ఒక ఆలోచన నాటడానికి, కలలో కల, అందులో మరో కల చొప్పున దిగుతుంది. పై కలలో వ్యాన్ దొర్లితే కింది కలలో హోటల్ దొర్లుతుంది. కారణం అక్కడ, ఫలితం ఇక్కడ. ఆర్థర్ పాదం నేల వదిలి గోడను వెతుక్కునే క్షణంలో మన కడుపులోనూ ఏదో తిరుగుతుంది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మకు బరువు ఉండదు, ఇక్కడ ఉంది. ఛాయాగ్రహణానికి, విజువల్ ఎఫెక్ట్స్‌కు, రెండు ధ్వని విభాగాలకు ఆస్కార్లు వచ్చాయంటే అందులో ఈ కారిడార్ వాటా చాలానే ఉంటుంది. ఆ ఫొటోల్లో పక్కనే పెట్టే 'పాప్రికా' కారిడార్ పనే వేరు. అక్కడ డిటెక్టివ్ కొనకావా పరుగెత్తుతుంటే కారిడార్ గుడ్డలా అలలెత్తి వంకర్లు పోతుంది, కాళ్లకింద నేల మెత్తబడిపోతుంది. నోలన్ కారిడార్ భౌతికశాస్త్రానికి లోబడి తిరుగుతుంది. కోన్ కారిడార్ ఒక మనిషి అపరాధభావానికి లోబడి కరుగుతుంది. రెండు ఫొటోల్లోనూ తివాచీ, తలుపులు, ఒక మనిషి ఉన్నంతమాత్రాన అవి ఒకటైపోవు.

కల అంటే ఏమిటన్న దగ్గరే ఈ ఇద్దరి దారులు చీలాయి. నోలన్‌కు కల ఒక కట్టడం. దానికి ఆర్కిటెక్ట్ ఉంటుంది, అంతస్తులుంటాయి, బయటికొచ్చే దారులుంటాయి, లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందంటే, పది గంటల విమాన ప్రయాణం మొదటి కలలో వారం, రెండోదాంట్లో ఆరు నెలలు, మూడోదాంట్లో పదేళ్లు. ప్రతి మెట్టుకూ ఇరవై రెట్లు చొప్పున వేసుకుంటే నిజంగానే దాదాపు అంతే వస్తుంది. మొదటిసారి చూసి వచ్చాక కాగితం మీద లెక్కేసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. హాన్స్ జిమ్మర్ సంగీతంలోనూ అదే లెక్క నడుస్తుంది. వాళ్లను నిద్రలేపడానికి వాడే ఎడిత్ పియాఫ్ పాటను బాగా నెమ్మదింపజేస్తే వచ్చే నాదాల మీదే ఆ భారీ బాకాల ధ్వని నిలబడింది. కింది కలలో కాలం సాగిపోతుంది కాబట్టి పాటా సాగిపోతుంది. ఇంతకంటే అందంగా ఒక సినిమా నియమాన్ని చెవికి వినిపించడం నేనెక్కడా చూడలేదు.

కోన్‌కు కల ఒక కట్. ఒక షాట్ చివర మరో షాట్ అతికించగానే లోకం మారిపోతుంది, మనం ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటాం. సినిమా చూసేటప్పుడు మన మెదడు చేసేదీ, కలలో చేసేదీ ఇదే. ఈ ఆలోచన చాలా పాతది. 'షెర్లాక్ జూనియర్' (1924)లో బస్టర్ కీటన్ సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు. నిద్రపోతాడు, కలలో తెర మీది సినిమాలోకి నడిచి వెళ్తాడు. అక్కడ బల్ల మీద కూర్చోబోతే కట్ పడి రద్దీ వీధి వస్తుంది, నీళ్లలోకి దూకితే కట్ పడి మంచులో కూరుకుపోతాడు. అతను మారడు, చుట్టూ సినిమా మారుతూ ఉంటుంది. 'పాప్రికా' టైటిల్స్ దానికి మనవరాలే. కలల్లో తిరిగే పాప్రికా అనే అమ్మాయి బండి మీద వెళ్తూ లారీ మీది బొమ్మలోకి దూరిపోతుంది, హోర్డింగ్ లోంచి బయటికొస్తుంది, అర్ధరాత్రి ఆఫీసులో నిద్రపోతున్న ఉద్యోగి కంప్యూటర్ తెర లోంచి దిగి అతనికి కోటు కప్పుతుంది, ఎవరి టీషర్టు మీదికో దూకి బొమ్మ అయిపోతుంది. రెండు నిమిషాల పైచిలుకు సాగే ఆ వరసలో ఒక్క కట్టయినా దేన్నీ వివరించదు. సుసుము హిరసావా సంగీతం మనల్ని మోసుకుపోతుంది.

వివరించకపోవడంలోనే భయం కూడా ఉంది. ఇతరుల కలల్లోకి దూరే పరికరం తయారుచేసిన ఇన్‌స్టిట్యూట్ పెద్ద డాక్టర్ షిమా చక్కగా మాట్లాడుతూ మాట్లాడుతూ, అదే గొంతుతో, అదే హుందాతనంతో అర్థంలేని మాటల్లోకి జారిపోతాడు. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, అర్థమే ఉండదు. తర్వాత పరుగెత్తి కిటికీ లోంచి దూకేస్తాడు. మెలకువలో ఉన్న మనిషిలోకి పరాయి కల దూరిందని మనకు తెలిసేసరికి అతను గాల్లో ఉంటాడు. ఇక ఆ ఊరేగింపు: ఫ్రిజ్‌లు, బొమ్మలు, బాకాలూదే కప్పలు, దేవతా విగ్రహాలు, మనుషులు కలిసి ఎటో సాగిపోతుంటాయి. మేడ మీది నుంచి ఆఫీసు ఉద్యోగులు నవ్వుతూ వరసగా దూకేస్తుంటారు. 'ఇన్‌సెప్షన్' మొత్తంలో ఎవరి మనసులోనూ ఇంత చెత్త, ఇంత పండగ, ఇంత సిగ్గు కనిపించదు. అక్కడి కలల్లో మనుషులు సూట్లు వేసుకుని వీధుల్లో క్రమశిక్షణగా నడుస్తారు. పారిస్ నగరం మడతపడే ఒక్క సీనులో కలల ఆర్కిటెక్ట్ అరియాడ్ని కాస్త ఆడుకుంటుంది. వెంటనే మందలింపు మొదలవుతుంది, వీధిలో జనం ఆమె మీద విరుచుకుపడతారు. కలలో ఆటకు శిక్ష వేసే సినిమా అది.

మూడో కలలోని మంచు కోట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నోలన్‌కు బాండ్ సినిమాలంటే ప్రాణం. వాటిలోనూ 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' (1969) అతని అభిమాన చిత్రం. స్విట్జర్లాండ్‌లోని షిల్ట్‌హార్న్ శిఖరం మీద విలన్ స్థావరం, మంచులో స్కీ వెంటాటలు, అన్నీ అందులోంచే. కెనడా పర్వతాల్లో నోలన్ తీసిన ఆ భాగమే నాకు సినిమాలోకెల్లా బలహీనంగా అనిపిస్తుంది. తెల్లదుస్తుల వాళ్లు తెల్లదుస్తుల వాళ్లను కాలుస్తుంటారు. ఎవరు ఎటువైపో తెలియదు, తెలిసినా పట్టింపు కలగదు. ఒక సంపన్న వారసుడి మనసు అట్టడుగున, తండ్రి మీది బాధ దాగిన చోట, బాండ్ సినిమా ఎందుకుంది? ఆ కల బృందంలోని ఈమ్స్‌ది, కట్టింది అరియాడ్ని అని జవాబు చెప్పొచ్చు. ఈమ్స్ కలైనా బాండ్ సినిమాలా ఎందుకుండాలి? నోలన్‌కు ఇష్టం కాబట్టి. సినిమా లోపల వేరే జవాబు దొరకదు.

'పాప్రికా' మొదట్లో కొనకావా కలా ఇలాగే ఉంటుంది. సర్కస్ నుంచి టార్జాన్ సినిమాలోకి, అక్కడి నుంచి గూఢచారి రైల్లోకి, అక్కడి నుంచి మరో పాత ప్రేమకథలోకి పడుతూ పోతాడు. అదీ సినిమా ప్రేమతో నిండిన కలే. కానీ కోన్ అక్కడ ఆగి ఎందుకని అడుగుతాడు. ఈ డిటెక్టివ్ సినిమాలంటే ఇష్టం లేదంటాడేం? ఇష్టం లేనివాడు కలలో ఖాళీ హాల్లో కూర్చుని పాత్రల మధ్య ఊహించుకునే గీతను కెమెరా దాటకూడదన్న నియమం గురించి, దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా కనిపించే ఫోకస్ గురించి పాప్రికాకు అంత ముచ్చటగా పాఠం చెబుతాడేం? తవ్వితే తేలుతుంది: కుర్రాడిగా ఉన్నప్పుడు స్నేహితుడితో కలిసి చిన్న కెమెరాతో సినిమా మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి వచ్చేశాడు. స్నేహితుడు ఆ తర్వాత జబ్బుతో పోయాడు. అతని కలల కారిడార్‌లో ఎప్పటికీ పూర్తికాకుండా పడిపోతూ ఉండే ఒక శవం వెనక ఉన్నది ఇదీ. దర్శకుడి సినిమా పిచ్చి ఒక పాత్ర గాయంగా మారింది. నోలన్ ఈ పద్ధతి నేర్చుకుని ఉంటే మంచు కోట అంత చల్లగా ఉండేది కాదు.

నోలన్ సినిమాలో కోన్‌కు అతి దగ్గరగా వచ్చిన షాట్ ఏ ఫొటోల పోలికలోనూ ఉండదు. వాన కురుస్తున్న నగర వీధిలో, పట్టాలు లేని తారు రోడ్డు మీద, గూడ్సు రైలు ఒకటి కార్లను తొక్కుకుంటూ దూసుకొస్తుంది. లారీ ఛాసిస్ మీద ఇంజను రూపం కట్టి నిజంగానే వీధిలో నడిపారు. కథలో దాన్ని ఎవరూ కట్టలేదు, ఎవరూ పిలవలేదు. కాబ్, చనిపోయిన అతని భార్య మాల్ ఒకప్పుడు పట్టాల మీద తల పెట్టి పడుకున్న జ్ఞాపకం, అడక్కుండా వచ్చి పథకాన్ని చీల్చేసింది. ప్లాను గీసుకున్న సినిమాలో ప్లానులో లేని వస్తువు. ఆ ఒక్క క్షణం నాకు నిజంగా కల వచ్చినట్టుంటుంది.

ఆ రైలు వెనక ఉన్నది మాల్. ఆమె విషయంలో అసలు పోలిక 'పాప్రికా'తో కాదు, రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 'సొలారిస్' (1972)తో చెయ్యాలి. క్రిస్ కెల్విన్ భార్య హారీ ఎప్పుడో ఆత్మహత్య చేసుకుంది. అంతరిక్ష కేంద్రంలో, కింద ఉన్న గ్రహం మీది సముద్రం అతని జ్ఞాపకంలోంచి ఆమెను తిరిగి తయారుచేసి పంపుతుంది. ఆమె గౌను విప్పబోతే విప్పడానికి దారే లేదు, కత్తిరించాల్సి వస్తుంది. జ్ఞాపకానికి అవసరం లేని వివరాన్ని సముద్రం తయారుచెయ్యలేదు మరి. కెల్విన్ భయపడి ఆమెను రాకెట్‌లో పెట్టి పంపించేస్తాడు. మళ్లీ వస్తుంది. తలుపు మూస్తే దాన్ని చీల్చుకుని రక్తమోడుతూ వస్తుంది. ఇంతవరకు మాల్ కూడా ఇలాంటిదే. భర్త అపరాధభావం నుంచి పుట్టిన భార్య నీడ, తలుపులు మూస్తే ఆగదు.

తర్వాతే తేడా వస్తుంది. హారీ నెమ్మదిగా తాను అసలు హారీని కాదని తెలుసుకుంటుంది. నేనెవర్ని అని అడుగుతుంది. శాస్త్రవేత్తలు ఆమె ముందే ఆమెను యంత్రంలా మాట్లాడుతుంటే, నేను మనిషినవుతున్నాను అని వాళ్లతో వాదిస్తుంది. చిత్రకారుడు బ్రూగెల్ గీసిన మంచు చిత్రం ముందు కూర్చుని, తనది కాని భూమిని చూస్తూ ఉండిపోతుంది. చివరికి కెల్విన్‌కు చెప్పకుండా, తనను లేకుండా చెయ్యమని తానే అడిగి, ఉత్తరం రాసి వెళ్లిపోతుంది. నకలుగా పుట్టినదానికి సొంత నిర్ణయం వచ్చింది. మాల్‌కు అది ఎన్నడూ రాదు. కత్తి పట్టుకుని రావడం, పిలవడం, పథకం చెడగొట్టడం, ఇంతే ఆమె పని. చివర్లో కాబ్ ఆమెతోనే ఒప్పుకుంటాడు, నిజమైన నీ సంక్లిష్టతనంతా నేను ఊహించలేను, నువ్వు నీడవే అని. ఆ మాట నిజాయితీగా ఉంది, అది విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కానీ ఆ సంక్లిష్టతను ఒక్క సీనులోనైనా చూపించలేదన్న లోటును ఒక సంభాషణ పూడ్చలేదు. హోటల్ ఎదుటి కిటికీ అంచు మీద కూర్చుని భర్తను రమ్మని బతిమాలే సీనులో మారియన్ కొతియార్ ఆ లోటును కళ్లతో కొంత నింపింది. అది కూడా కాబ్ చెబుతున్న కథే. మాల్ తరఫు కథ మనకు ఎవరూ చెప్పరు.

సతోషి కోన్ 2010 ఆగస్టు 24న క్లోమ క్యాన్సర్‌తో చనిపోయాడు. 46 ఏళ్లు. 'ఇన్‌సెప్షన్' థియేటర్లలోకి వచ్చి ఆరు వారాలు కూడా కాలేదు. అతను పూర్తిచేసిన చలనచిత్రాలు నాలుగే. ఐదోది మధ్యలో ఆగిపోయింది. అందుకే ఆ ఫొటోల పోలికలు చూస్తే నాకు బాధేస్తుంది. కోన్‌కు న్యాయం చేస్తున్నామనుకుంటూ అతన్ని నోలన్ సినిమాకు సాక్ష్యంగా కుదించేస్తున్నాం. మనలో చాలామందికి 'పాప్రికా' ఆ మూడు ఫ్రేములే. మిగతా తొంభై నిమిషాల్లో ఏముందో చూడకుండానే పక్షం వహిస్తున్నాం.

చూసినవాళ్లు కొనకావాను ఫిషర్ పక్కన పెట్టి చూడండి. ఇద్దరూ కలలోనే నయమయ్యారు. కొనకావా తన కారిడార్‌లోకి మళ్లీ పరుగెత్తి, ఈసారి నేల కరిగినా ఆగకుండా, మధ్యలో వదిలేసిన సినిమాకు ముగింపు తానే తీసుకుంటాడు. ఫిషర్ మంచు కోటలోని గదిలో, కూబ్రిక్ '2001' చివర్లోని తెల్లగదిని గుర్తుచేసే ఆ మంచం పక్కన, తండ్రి బీరువాలో దాచిన చిన్ననాటి కాగితపు గాలిచక్రాన్ని చూసి ఏడుస్తాడు. 'సిటిజెన్ కేన్' (1941)లో నాయకుడి పోయిన బాల్యానికి గుర్తైన స్లెడ్ బండి ఇక్కడ గాలిచక్రమైంది. ఫిషర్‌గా వేసిన కిలియన్ మర్ఫీ ముఖం చూస్తుంటే నాకూ కన్నీళ్లొస్తాయి. కానీ ఆ ఓదార్పును రాసింది జీతానికి వచ్చిన దొంగలు, రాయించింది అతని వ్యాపార ప్రత్యర్థి సైటో. విమానం దిగి తండ్రి కంపెనీని ముక్కలు చేసుకోబోయే ఆ కొడుకు పట్ల తప్పు జరిగిందని బృందంలో ఒక్కరూ అనరు. అరియాడ్ని ఎన్నో ప్రశ్నలు అడుగుతుంది గానీ అన్నీ కాబ్ గురించే. 'పాప్రికా'లో మాత్రం ఆ ప్రశ్న ఉంది, అదీ విలన్ నోట: కలల్లోకి దూరే హక్కు మీకెవరిచ్చారని ఇన్‌స్టిట్యూట్ చైర్మన్ గద్దిస్తాడు. తర్వాత అందరి కలలనూ మింగబోయేది అతనే అయినా ఆ మాటలో న్యాయం ఉంది. కలల్లో పాప్రికాగా తిరిగే వైద్యురాలు చిబా దానికి సినిమా పొడుగునా జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది. కాబ్‌ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.